వేళ్ల బిగింపు

యాదగిరి చేతిలో కొత్త నట్టు ఉంది. మెకానిక్ షెడ్డు ముందు ఉండాల్సిన తెల్లబండి లేదు.

"భిక్షం బండేది భాయ్?"

"పోయింది" అన్నాడు ఖైసర్. "జహీరాను ఎక్కించి నేనే పంపిన. వాళ్ల అమ్మగారింటికి."

యాదగిరి నవ్వాడు. పరాచికం అనుకున్నాడు. ఖైసర్ మొహంలో పరాచికం కనిపించకపోయేసరికి ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. గుప్పిట విప్పి నట్టు చూపించాడు. "మరి గిదేంది? ఎడమ దిక్కు లింకు కింది నట్టు. పాకెట్ల వచ్చినదానికి మరలు ఖరాబున్నయని బజారుకు పోయి ఇంకోటి తెచ్చిన. చక్రం ఉట్టిగ నిలవెట్టిన భాయ్. ఐదు నట్లు వేళ్లతోని తిప్పి ఇడిచిపెట్టిన. పానా పెట్టనే లే."

బైకు ఎప్పుడు స్టార్ట్ చేశాడో, యాదగిరి వెనక ఎప్పుడు ఎక్కాడో ఖైసర్‌కు తెలియదు. మేడ్చల్ డిపోలోంచి బయటికొస్తున్న బస్సు ముందు నుంచి దూరిపోయాక, దాని డ్రైవర్ తిట్టిన తిట్టు చెవిలో పడ్డాక, తను రోడ్డు మీద ఉన్నట్టు తెలిసింది. యాదగిరి ఒళ్లో వీల్ పానా, జాకీ ఉన్నాయి, ఆ ఇనుము ప్రతి గుంతకూ వచ్చి నడుముకు తగులుతోంది, తగలనీ, ముందు ఫోన్ చెయ్, జహీరాకు చెయ్. యాదగిరి చేశాడు. ఖైసర్ చొక్కా జేబులోనే ఫోన్ మోగింది, సరిగ్గా గుండె మీద వణికింది. పొద్దున కరెంటు పోయి ఆమె ఫోన్ చార్జింగ్ కాలేదని, షెడ్డులో పెట్టి సాయంత్రం తనే తెచ్చిస్తానని తీసుకున్న ఫోన్ అది. జేబులో మోగుతున్న ఆ ఫోన్ ఆపమని కూడా తోచలేదు, అది మోగుతున్నంతసేపూ ఆమె ఎత్తుతుందేమో అన్నట్టు ఎదురుచూశాడు. భిక్షంకు కొట్టు. భిక్షం కాలర్ ట్యూన్ గుడి గంటలు. యాదగిరి ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాడు, గాలిలో కూడా ఆ గంటలు వినిపిస్తున్నాయి, మోగి, మోగి, ఆగిపోయాయి.

"ఎత్తుతలేడు భాయ్."

ఎత్తడు. ఎందుకు ఎత్తుతాడు. బండి కదిలేముందు కిటికీ పట్టుకుని తనేగా చెప్పాడు, భిక్షం, నా బీవీ ఉంది బండిలో, తొవ్వల ఫోన్ ఎత్తకు, ఎవలు చేసినా ఎత్తకు, నేను చేసినా ఎత్తకు. భిక్షం రెండు చేతులూ జోడించి, సరే మహారాజా అన్నాడు. వెనక సీట్లో కూర్చున్న అతని భార్య సత్తమ్మ పడిపడి నవ్వింది. జహీరా మాత్రం నవ్వలేదు, ముందు సీట్లో కూర్చుని చున్నీ సర్దుకుంటూ, ఇక చాలు అన్నట్టు చూసింది. ఆ చూపుకు అప్పుడే ఆగి ఉంటే, ఆ మాట అనకుండా ఉంటే, ఇప్పుడు ఒక్క ఫోన్‌తో అయిపోయేది, భిక్షం, మెల్లగ పక్కకాపు అంటే అయిపోయేది. మళ్లీ కొట్టు యాదగిరీ. ఎత్తడని తెలిసినా కొట్టు.

భిక్షంకు చప్పుడు వినబడదా? వినబడుతుంది. చక్రం నట్లు వదులైతే ముందు చప్పుడే వస్తుంది, టక్కు టక్కు మని, ఎడమ పక్క, కాళ్ల కింద నుంచి. ఏ డ్రైవరైనా ఆపి దిగి చూస్తాడు. కానీ భిక్షం ఆపడు. ఎందుకంటే ఆ చప్పుడు అతని బండిలో ఎప్పటి నుంచో కాపురం ఉంటోంది. తెల్లారుజామున షామీర్‌పేట చెరువు దగ్గర చేపల పెట్టెలు ఎక్కించుకున్నప్పుడు మోగేది, పగలు మనుషులను ఎక్కించుకున్నప్పుడు మోగేది, స్పీడ్ బ్రేకర్ ఎక్కితే ఒకసారి, దిగితే ఇంకోసారి. ఎవరో షాకబ్జర్లన్నారు, మార్పించాడు, చప్పుడు పోలేదు. ఇంకెవరో స్టీరింగ్ అన్నారు, అది విప్పి మళ్లీ బిగించారు, చప్పుడు పోలేదు. చివరికి ఖైసర్ దగ్గరికొచ్చి, భాయ్, గిది బండి కాదు, నా పెండ్లాం, ఎప్పుడు ఏదో ఒకటి అంటనే ఉంటది అన్నాడు. ఖైసర్ కిందికి దూరి పడుకున్నాడు, యాదగిరిని బంపర్ మీద నిలబడి ఊగమన్నాడు, చీకట్లో ఒక్కొక్క జాయింటు మీదా అరచెయ్యి పెట్టుకుంటూ పోయాడు. స్టెబిలైజర్ రాడ్డును చక్రం వైపు కలిపే ఆ చిన్న లింకు దగ్గరికి రాగానే అరచేతిలో ఏదో కొట్టుకుంది, చేపపిల్లను గుప్పిట్లో పట్టుకున్నట్టు. దొరికింది. బాల్ జాయింటు రబ్బరు చినిగి, లోపల గ్రీజు ఎండిపోయి, గోళీలా దొర్లుతోంది. రెండో పక్క కూడా అంతే. బండి మూలమలుపులో ఒరిగిపోకుండా పట్టుకునే లింకులవి, రెండూ ఒకేసారి మార్చాలి. ఎంత సంతోషపడ్డాడు అప్పుడు. దొరకని చప్పుడు దొరికితే అతనికి ఆ రోజంతా ఆకలి వెయ్యదు.

కానీ ఆ సంతోషంలోనే ఇంకో మాట అన్నాడు. జుమ్మా నమాజు నుంచి వచ్చి, బండి సాగనంపుతూ, భిక్షం భుజం తట్టి అన్నాడు, కొత్త రబ్బరు కదా, మొదట కొంచెం మోగుతది, సెట్ అయినంక అదే పోతది, పరేషాన్ గాకు. ఎందుకన్నాడు? జహీరా భయపడకూడదని అన్నాడు, ఏ చిన్న చప్పుడు వచ్చినా ఆమె ఉలిక్కిపడకూడదని. ఫోన్ తలుపు తనే మూశాడు. చప్పుడు తలుపు తనే మూశాడు. ఇప్పుడు చక్రం ఎంత మొత్తుకున్నా భిక్షం స్టీరింగ్ మీద తాళం వేస్తూ, సెట్ అయితాంది, సెట్ అయితాంది అనుకుంటూ పోతాడు.

"లారీ ఉంది భాయ్, లారీ!"

టిప్పర్ అది. అవుటర్ రింగు రోడ్డు పనికి మట్టి మోస్తున్న టిప్పర్, వెనక రేకు మూత లేదు, ఎర్రమట్టి మొహాన కొడుతోంది. ఖైసర్ కళ్లు చిట్లించి దాని పక్క నుంచి దూరాడు. దుమ్ము లోంచి బయటపడగానే ఎడమ పక్క కాల్వ గట్టున నల్లగా, గుండ్రంగా ఏదో కనిపించింది. చక్రం. పడి ఉన్న చక్రం. బ్రేకు మీద కాలు పడింది, బైకు వెనక చక్రం జారింది, యాదగిరి అమ్మా అని అతని నడుము పట్టుకున్నాడు. చక్రం పక్కన బల్ల, బల్ల మీద నీళ్ల తొట్టి, దాని వెనక గొంగళి కప్పుకుని నిద్రపోతున్న ముసలాయన. పంక్చర్ దుకాణం. గుర్తుగా పెట్టిన పాత టైరు.

"ఎందుకు కొట్టినవ్ బ్రేకు?"

"ఏం లేదు."

"ఏం లేకపోతె పోనియ్ మరి. నన్ను సంపితె లింకు ఎవడు బిగిస్తడు?"

పోనిచ్చాడు. తప్పెవరిది అని ఆలోచించడం లేదు, ఆలోచించకూడదు, అయినా మనసు అక్కడికే పోతోంది, నాలుక పుచ్చు పన్ను దగ్గరికి పోయినట్టు. యాదగిరిదా? జాకీ మీద బండి వదిలి బజారుకు పోకూడదన్నది తమ షెడ్డు కట్టుబాటు. దూలపల్లిలో తమ ఇద్దరికీ పని నేర్పిన మన్నాన్ ఉస్తాద్ చెయ్యి జాకీ జారిన బండి కింద నలిగిపోవడం ఇద్దరూ కళ్లారా చూశారు. ఆ తర్వాత ఏ పని మధ్యలో వదిలినా చక్రం నిలబెట్టి, నట్లు వేళ్లతో తిప్పి, బండిని నేల మీదికి దించి పోవడమే. పైగా లింకు చివరి బిగింపు ఎప్పుడూ బండి బరువు చక్రాల మీద పడ్డాకే. యాదగిరి చెయ్యాల్సిందే చేశాడు. చూసేవాడికి మాత్రం పని అయిపోయిన బండికీ, కాని బండికీ ఏ తేడా ఉండదు.

అందుకే గదా నిమ్మకాయలు. పని పూర్తయ్యి, పానాతో ఆఖరి గుంజు గుంజాక యాదగిరి నాలుగు చక్రాల ముందూ నాలుగు నిమ్మకాయలు పెడతాడు. అతని నమ్మకం అతనిది. ఖైసర్ ఏనాడూ పెట్టలేదు, పెట్టొద్దనీ అనలేదు, కానీ ఇన్నేళ్ల సావాసంలో అతనికి తెలియకుండానే ఆ నిమ్మకాయలు ఒక సంతకమయ్యాయి. ప్రతి శుక్రవారం నమాజు నుంచి వస్తూనే చక్రాల కింద చూస్తాడు. పసుపుపచ్చగా కనిపిస్తే బండి తయారు, లేకపోతే ఇంకా పనుంది. అడగడు. యాదగిరీ చెప్పడు. ఇవాళ షెడ్డులో యాదగిరి లేడు గానీ చక్రాల కింద నిమ్మకాయలున్నాయి. భిక్షం సీట్లో ఉన్నాడు, ఇంజను నడుస్తోంది, జహీరా సంచితో నిలబడి ఉంది. ఎక్కించాడు. టైర్లు నిమ్మకాయలను చిదుముకుంటూ కదిలాయి. ఆ వాసన కూడా మంచిగా అనిపించింది.

పెట్టింది సత్తమ్మ. ఆ సంగతి తర్వాత గానీ ఖైసర్‌కు తెలియలేదు, షెడ్డు పక్క చాయ్ హోటల్ అతను అన్నాడు, సత్తమ్మక్క వాటిని కూరగాయల సంచిలోంచి తీసి పెడితే తను చూశానని. కడుపుతోని ఉన్న పిల్ల ఎక్కుతాంది, కొత్త సామాను వేసిన బండి, దిష్టి తగలొద్దు అన్నదట. ఎంత మంచి మనసు. ఆ మంచి మనసు మీద కోపం తెచ్చుకోవడానికి కూడా లేదు.

కడుపుతో ఉన్న పిల్ల. ఏడో నెల. ముందు రెండుసార్లు నిలవలేదు. మొదటిది ఇంకా అది అని కూడా తెలియకముందే పోయింది, రెండోది తెలిశాక, పేరు గురించి వాదించుకున్నాక, ఆడపిల్లయితే 'అనం' పేరు పెడదామని ఆమె, కాదు 'మరియా' అని తను, ఆ వాదన తేలకముందే ఒక పొద్దున స్నానాల గది తలుపు దగ్గర జహీరా గోడ పట్టుకుని నిలబడి, జీ అంది, అంతే, జీ అని ఒక్కమాట. ఆ మాటను అతను ఇప్పటికీ నిద్రలో వింటాడు. ఈసారి పేరు మాట ఎత్తలేదు ఇద్దరూ. కుదుపులు వద్దని డాక్టరమ్మ చెప్పింది. అప్పటి నుంచి ఖైసర్‌కు ఊరంతా కుదుపులే కనిపించాయి. ఆటోలో కుదుపు, బస్సులో కుదుపు, గడప దాటితే కుదుపు. వాళ్ల అమ్మ సత్‌మాసాకు పిలిచింది, గాజులు వేస్తారు, ఒడి నింపుతారు, చుట్టాలందరూ వస్తారు. భిక్షం బండి బాగయ్యేదాకా ఆగు అన్నాడు. ఆమె ఆగింది. చుట్టాలు ఆగారు. ముహూర్తమే వెనక్కి జరిగింది.

"మా అమ్మ ఏడుగురిని కన్నది జీ" అంది నిన్న రాత్రి రొట్టెలు కాలుస్తూ. "ఎడ్లబండ్ల తిరిగింది. కుచ్ నై హోతా."

"ఏం కాదని నాకు రాసియ్యి."

"నువ్వే రాసియ్యి. ఏం కానీయనని."

అతను మనసులో రాసిచ్చాడు. ఇవాళ జుమ్మా నమాజులో కూడా అదే, ఏం కానీయకు, ఏం కానీయకు. తను నమాజులో ఆ మాట అనుకుంటున్న ఆ సమయానికే అక్కడ షెడ్డులో చక్రం వేళ్ల బిగింపు మీద నిలబడి ఉంది.

ద్రాక్షతోటలు నరికేసి రాతి కడ్డీలు మాత్రం వదిలేసిన పొలాలు, వాటి మధ్య తెల్లసున్నం వేసిన ప్లాట్ల రాళ్లు, రంగు జెండాలు. ఆ జెండాల దగ్గర జనం. గుంపుగా జనం, మధ్యలో తెల్లటి బండి పైకప్పు, ఎవరో చేతులూపుతున్నారు, ఎవరో పరుగెత్తుతున్నారు. యాదగిరి కూడా చూశాడు, అతని చెయ్యి ఖైసర్ భుజం మీద బిగుసుకుంది. గుంపు దగ్గరికి ఎలా వచ్చారో తెలియదు. బిర్యానీ వాసన. ప్లాట్లు చూడటానికి సిటీ నుంచి తెచ్చిన జనం, పేపర్ ప్లేట్లు పట్టుకుని, గిన్నె దగ్గర ఒకరినొకరు తోసుకుంటున్నారు. ఒక నల్లకళ్లద్దాలతను వీళ్లకు కూడా ప్లేటు చాపాడు. "రండన్నా, తిని పోండి, ప్లాటు కొనకున్నా పర్వాలే." ఖైసర్‌కు ఏడుపు వచ్చింది, నవ్వూ వచ్చింది.

ఆ తర్వాత స్పీడ్ బ్రేకర్. ఊరివాళ్లే మట్టీ సిమెంటూ పోసి కట్టుకున్నది, దూడ పడుకున్నంత ఎత్తు, రంగు లేదు, బోర్డు లేదు. పక్కన చెట్టునీడలో ఒకామె జామకాయలు పెట్టుకుని కూర్చుంది. కట్టేసిన మేక ఒకటి తాడంతా చుట్టుకుని నిలబడి ఉంది.

"అవ్వా, తెల్లబండి పోయిందా ఇట్ల?"

"పోయింది. టకటకమని మొత్తుకుంట పోయింది. గా చప్పుడుకు నా మేక బెదిరి గిట్ల సుట్టుకున్నది సూడు."

"ఎంతసేపాయె?"

"ఇప్పుడే. మెల్లగనే పోతాంది." ఆమె వాళ్ల చేతుల్లోని పానా, జాకీ, నూనె మరకల చొక్కాలు చూసింది. "మెకానిక్కులా? మంచిగనే ఉన్నరు. బండి మెకానిక్కు తాన్కి పోతదనుకున్న. మెకానిక్కులు బండెంబడి ఉరుకుతున్రేంది?"

"కొత్త పద్ధతి అవ్వా" అన్నాడు యాదగిరి.

మెల్లగానే పోతోంది. ఆ మాటను ఖైసర్ రెండు చేతులా పట్టుకున్నాడు. మెల్లగా అంటే ఎంత మెల్లగా, నట్టు ఒక్కో మర ఒక్కో మర విప్పుకుంటూ రావడానికి ఎంత మెల్లగా అయినా చాలు, పైగా ముందు దిగుడు, దిగుడులో మూల, మూల అవతల ఎత్తైన కట్ట, ఆ తర్వాత ఇంకో ఊరు, ఇంకో స్పీడ్ బ్రేకర్. ఆ మూలలో బండి బరువంతా ఎడమ ముందు చక్రం మీద పడుతుంది. ఎడమ ముందు చక్రం పైన ఎవరు కూర్చున్నారు? జహీరా. ముందు కూర్చో, ముందు కుదుపు తక్కువ అని ఎవరు చెప్పారు? ఆగు. ఆలోచించకు. రోడ్డు చూడు.

చూశాడు. తెల్లబండి.

గడ్డి ట్రాక్టర్ వెనక పోతోంది. ముందు ఎడమ చక్రం వెనక నుంచి కొంచెమే కనిపిస్తోంది, ఆ కొంచెం చాలు. చక్రం పైభాగం లోపలికీ బయటికీ ఊగుతోంది, నిద్రొచ్చిన మనిషి తలలాగ. యాదగిరి చూడగానే పానా పైకెత్తి నోరు తెరిచాడు.

"అరవకు!"

"భాయ్, పడిపోతది—"

"అరిస్తే బ్రేక్ కొడ్తడు. బ్రేక్ కొడ్తే ఊడుతది. పానా కిందికి దించు. నవ్వు."

"ఏంది?"

"నవ్వురా నీ యక్క! నవ్వు!"

ఇన్ని మైళ్లూ గొంతు దాకా వచ్చిన భయాన్ని ఇప్పుడు మింగాలి. ఒక్క బ్రేకు. భయపడ్డ మనిషి కాలు చేసే మొదటి పని అదే. తన మొహంలో భిక్షంకు భయం కనబడితే ఆ భయం నేరుగా అతని కాలికి దిగుతుంది. ఖైసర్ హారన్ మీది బొటనవేలు తీశాడు. బైకును కుడివైపు, డ్రైవర్ కిటికీ పక్కకు, మెల్లగా, తోవలో కలిసిన దోస్తులా తీసుకొచ్చాడు. ఎదురుగా ఏ బండీ రాకూడదు, ఆ ట్రాక్టర్ ఆగకూడదు, గాలి కూడా కొంచెం ఆగాలి. భిక్షం తల తిప్పి చూశాడు, కళ్లు పెద్దవి చేశాడు. ఖైసర్ నవ్వాడు. పళ్లన్నీ కనిపించేలా, పెళ్లిలో ఫోటోకు నవ్వినట్టు నవ్వాడు. చెయ్యి గాలిలో పెట్టి, పిల్లవాడిని జోకొట్టినట్టు మెల్లగా కిందికి, కిందికి ఊపాడు. మెల్లగ. ఇంకా మెల్లగ. ఏం లేదు. ఊరికే. వెనక యాదగిరి కూడా నవ్వుతున్నాడు, ఆ నవ్వు చూస్తే ఎవరైనా పోలీసులను పిలుస్తారు.

భిక్షంకు అర్థం కాలేదు. అతనూ నవ్వాడు. ఫోన్ తీసి చూపించి, ఎత్తలేదు చూసినవా అన్నట్టు తలెగరేశాడు. వేగం తగ్గలేదు. మూల దగ్గరికొస్తోంది. భిక్షం అవతల జహీరా. ఆమె ముందుకు వంగి చూసింది. ఖైసర్ మొహం మీద ఆ నవ్వు చూసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో అతను రోడ్డు మీద అలా నవ్వడం ఆమె ఎన్నడూ చూడలేదు. ఆమె మొహంలో రంగు మొత్తం దిగిపోవడం ఖైసర్ కళ్లారా చూశాడు, తను నవ్వుతూనే చూశాడు. ఆమె అరవలేదు. భిక్షం వైపు తిరిగి ఏదో అంది, చెయ్యి గేరు రాడ్డు వైపు చూపించింది. తర్వాత తెలిసింది ఆమె ఏమందో, ఎప్పుడో ఇంట్లో తను చెప్పిన మాటే. అన్నా, బ్రేక్ మీద కాలు పెట్టకు, గేర్ తగ్గించు, దాన్ని అదే ఆగనియ్యి.

బండి మూడో గేరులోకి దిగింది. రెండులోకి. రోడ్డు అంచు దిగి మట్టిలోకి వాలింది. టక్కు టక్కు నెమ్మదై, ఒక్కో టక్కు మధ్య ఒక్కో ఊపిరి పట్టేంత దూరమై, ఆగిపోయింది.

ఖైసర్ బైకు స్టాండ్ వెయ్యలేదు, అది పక్కకు పడిపోయింది. చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఐదింట్లో రెండు నట్లు లేవు. మూడోది మర చివరలో నిలబడి ఉంది, వేలు తాకగానే చేతిలోకి వచ్చేసింది, దాని మరలు అరిగిపోయాయి. మిగిలిన రెండూ వదులుగా తిరుగుతున్నాయి. లింకు కింది కొస ఊడి, బ్రేకు పైపును రాసుకుంటూ వేలాడుతోంది. పైపు రబ్బరు మీద తెల్లటి గీత పడింది. గీతే, చిరుగు కాదు. దాన్ని వేలితో తడిమి తడిమి చూశాడు.

"ఏమైంది? ఏంది గిది?" భిక్షం దిగాడు. సత్తమ్మ వెనక తలుపు తోసుకుని దిగింది. యాదగిరి ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "ఏం లేదక్కా, చిన్న పానా మీ బండ్లనే ఇడిచిపెట్టినమేమోనని వచ్చినం. వచ్చినం గద అని చక్రం ఒక్కసారి చూస్తున్నం. చెల్లె, నువ్వు లోపలనే కూసో." అంటూనే ఖైసర్ వైపు కన్ను గీటాడు. నోరు మూసుకో, కడుపుతో ఉన్న పిల్ల, రెండుసార్లు పోయింది, ఇప్పుడు ఈ సంగతి వింటే ఏమవుతుందో ఏమో. ఆ మాటలన్నీ ఆ ఒక్క కన్నుగీటులో ఉన్నాయి. ఖైసర్‌కూ అదే కావాలి. ఎప్పుడూ అదే చేస్తాడు. డాక్టరమ్మ చెప్పినదాంట్లో సగమే చెబుతాడు, స్కాన్ కాగితం ముందు తను చూసి తర్వాత ఇస్తాడు, చప్పుడొస్తే కొత్త రబ్బరు అంటాడు.

జహీరా దిగింది. తలుపు పట్టుకుని, ఒక్కో కాలు మట్టిలో పెట్టి, పొట్ట కింద చెయ్యి ఆనించి వచ్చి అతని ముందు నిలబడింది.

"క్యా హువా జీ?"

"నట్లు బిగించలే" అన్నాడు ఖైసర్. "చక్రం వేళ్ల మీద ఉండె. నిమ్మకాయలు చూసి, పని అయిపోయిందనుకున్న. చెయ్యి పెట్టి చూడకుండ నిన్ను ఎక్కించిన."

సత్తమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో బిడ్డా, నేనేనాయె పెట్టింది. మంచికే పెట్టిన."

"మంచికే పెట్టినవక్కా" అన్నాడు యాదగిరి. "ఇంకోసారి మంచి చెయ్యాలనిపిస్తే జర నాకు ఫోన్ చెయ్."

జహీరా ఎవరి వైపూ చూడలేదు. విరిగి వేలాడుతున్న చెయ్యిలా ఉన్న ఆ లింకును చూస్తోంది. "కింద వేరేగ కొట్టుకుంటాంది అని కాళ్లకు తెలిసింది నాకు" అంది. "తొవ్వంత తెలిసింది. భిక్షమన్నను మెల్లగ పొమ్మన్న గని, ఆపుమనలే. ఎందుకు ఆపుమనలేదు? సెట్ అయితది అని నువ్వు చెప్పినవ్ గద. నా కాళ్లు అబద్ధం చెప్తున్నయేమో అనుకున్న. నువ్వు చెప్పవు గద."

ఖైసర్ పానా పట్టుకున్నాడు గానీ అది నట్టుకు పడటం లేదు, పక్కకు జారిపోతోంది. యాదగిరి పక్కన కూర్చుని జాకీ ఎక్కించాడు. మిగిలిన మూడు చక్రాల నుంచి ఒక్కో నట్టు తీసి ఇక్కడ వేశారు, లింకు కింద కొత్త నట్టు వేశారు, బండిని నేల మీదికి దించి చివరి బిగింపులు బిగించారు. ఖైసర్ బిగించాక యాదగిరి బిగించాడు. యాదగిరి బిగించాక భిక్షం, నాకు గూడ ఇయ్యిరి అని పానా తీసుకుని గుంజి చూశాడు. ఇంతసేపూ జహీరా అక్కడే నిలబడింది. ఎవరు కూర్చోమన్నా కూర్చోలేదు. నాలుగు చక్రాలూ చూసేదాకా చూసింది.

"నేను గూడ వస్త" అన్నాడు ఖైసర్. "వెనక కూసుంట."

"వద్దు. నువ్వుంటే నాకు బుగులు, ఇంకింత భయమైతది." అని, ఎక్కి కూర్చుని, తలుపు వేసుకుంది. భిక్షం ఇంజను స్టార్ట్ చేశాడు. యాదగిరి పడి ఉన్న బైకు లేపుతున్నాడు. ఆమె అద్దంలోంచి ఖైసర్‌ను చూసింది, రోడ్డు పక్క మట్టిలో, ఇంకా పానా పట్టుకునే నిలబడ్డ మనిషిని. తల బయటికి పెట్టింది.

"వస్తే రా. కాని ఇకమీదట నా కాళ్లు చెప్పింది నేను వింట, నువ్వు చెప్పింది కాదు. నోరు మూసుకొని కూసో."

ఎక్కాడు. సత్తమ్మ జరిగి చోటిచ్చింది. బండి కదిలింది, చప్పుడు లేదు, ఆ లేకపోవడం కూడా అతనికి భయంగా ఉంది, చెవులు రిక్కించి వింటూనే ఉన్నాడు. దిగుడు వచ్చింది, మూల వచ్చింది, కట్ట వచ్చింది, బండి ఒరగకుండా తిరిగింది. ముందు సీట్లో జహీరా తల పక్కకు వాలింది, నిద్రపోతోంది, ఇంత జరిగాక, చిన్నపిల్లలా నోరు కొంచెం తెరిచి. లాల్‌గడి మలక్‌పేట్ మొదటి ఇళ్లు కనిపించాయి, వాటి ముందు ఎత్తుగా, రంగు లేకుండా, రోడ్డుకు అడ్డంగా ఇంకో స్పీడ్ బ్రేకర్. భిక్షం చూశాడా లేదా. మెల్లగ అనాలి. ఇప్పుడే అనాలి. ఖైసర్ ముందుకు వంగాడు, నోరు తెరిచాడు, సీటు అంచు గట్టిగా పట్టుకున్నాడు, తెరిచిన నోరు మెల్లగా మూసుకున్నాడు. బండి ఎక్కింది. దిగింది. ఆమె నిద్ర లేవలేదు.